చెప్పులు పోయిన ఆదివారం

మా చిన్నప్పుడు... బార్సిలోనాలో ఓ ఆదివారం, చర్చి మెట్ల మీద మూడు జతల చెప్పులు వరసగా విప్పి లోపలికెళ్ళాం.

నిజానికి మేం బయల్దేరింది సముద్రానికి.

అప్పట్లో ఐర్లాండ్‌లో, ములింగార్‌లో ఉండేవాళ్ళం. నాన్న డాక్టరు. దేశమంతా ఉద్యోగాల కరువు... నాన్న కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో తెలియని రోజులు. అయినా ఆ వేసవిలో మమ్మల్ని సెలవులకి తీసుకెళ్ళారు. ధైర్యమో, దిగులో... ఇప్పటికీ తేల్చుకోలేను.

పక్కింటి ఈఫా అంతకుముందే స్పెయిన్ చూసొచ్చింది. అక్కడ సముద్రం వేణ్ణీళ్ళ తొట్టిలా ఉంటుందంది. మాకు తెలిసిన సముద్రంలో కాలు పెడితే ఎముకలు జివ్వుమనేవి. నేను నమ్మలేదు. వెళ్ళి నువ్వే చూసొచ్చి చెప్పు అంది.

వచ్చిన దగ్గర్నుంచీ నాన్న మ్యూజియంలే తిప్పారు. మర్నాడే తిరుగు ప్రయాణం. ఇక మిగిలింది ఆ ఆదివారమే...

పొద్దున్నే నడక మొదలెట్టాం. సందులు, సందుల్లో సందులు... బాల్కనీల్లో ఆరేసిన దుప్పట్లు, దించేసిన షట్టర్లు. దారిలో చర్చి కనిపించేసరికి అమ్మ ఆగిపోయింది. కాంట్రాక్టు కోసం ఓ దణ్ణం పెట్టుకోవాలిట. లోపల అందరూ బూట్లతోనే ఉన్నారని నాన్న గొణిగారు.

"వాళ్ళ మర్యాద వాళ్ళది. మనం విప్పే వెళ్దాం" అంది అమ్మ.

తిరిగొచ్చేసరికి మెట్లు ఖాళీ. నాన్న బూట్లలో కుక్కిన మేజోళ్ళతో సహా...

ఏం చెయ్యాలో తోచక అక్కడే నిలబడ్డాం. ప్రార్థన ముగించుకుని వస్తున్న ఓ పెద్దావిడ మా కాళ్ళకేసి చూసి, జాలిగా అమ్మ చేతిలో ఓ నాణెం పెట్టి వెళ్ళిపోయింది. నాన్న మొహం చూడలేకపోయాను.

అటు తిరిగితే... సందు చివర నీలంగా ఓ ముక్క. సముద్రం! కానీ మిట్టమధ్యాహ్నం, దారిలో పరిచిన బండలు పెనంలా కాలుతున్నాయి. కొత్తవి కొందామంటే దుకాణాలన్నీ మూత. హోటలే దగ్గరని నాన్న వెనక్కి తిరిగారు.

"చెప్పులు పోతే శని వదిలినట్టేనండీ" అంది అమ్మ.

"నా శని నా పక్కనే నడుస్తోంది" అన్నారు నాన్న.

నీడ నుంచి నీడకి గెంతుతూ, ఏడుస్తూ నడిచాను. వచ్చే ఏడు తప్పకుండా తీసుకొస్తానని నాన్న మాటిచ్చారు.

శని పోలేదు, చెప్పులే పోయాయి. కాంట్రాక్టు పొడిగించలేదు. సామాను సర్దుకుని గుంటూరు వచ్చేశాం. బయల్దేరేముందు ఈఫా అడిగింది... ఎలా ఉంది సముద్రం అని. తల తిప్పుకున్నాను.

చదువయ్యాక ఉద్యోగానికి మళ్ళీ ఐర్లాండే వచ్చాను. ఇప్పుడు నేస్‌లో ఉంటున్నాం. ఆ రోజు నేను చూసింది సముద్రం కాదని అమ్మ ఫోన్లో ఇప్పటికీ వాదిస్తుంది. "నీలం రంగు షట్టరే అది, పిచ్చిదానా." అయ్యుండొచ్చు... అన్నేళ్ళూ ఓ షట్టరు కోసమా నేను బెంగపడింది?

పోయిన వేసవిలో పిల్లలతో మళ్ళీ బార్సిలోనా వెళ్ళాం. ఆనాటిదే అనిపించిన ఓ చర్చి గుమ్మంలో నా చెయ్యి దానంతటదే చెప్పు మీదికి పోయింది. "మామ్, యూ ఆర్ గ్రాండ్, జస్ట్ గో ఇన్" అన్నాడు మావాడు, ఫరవాలేదులే అని ఇక్కడివాళ్ళనే తీరులో. అక్కణ్ణుంచి ఫోన్ చూపించిన దారిలో నడిస్తే, కబుర్లు పూర్తికాకుండానే సముద్రం వచ్చేసింది. ఇంత దగ్గరా అని ఒళ్ళు మండింది... ఎవరి మీదో మాత్రం తెలియదు.

నీళ్ళు వెచ్చగానే ఉన్నాయి. ఈఫా ఇప్పుడెక్కడుందో... ఎవరికి చెప్పను?

మీకూ ఎక్కడో ఓ గుమ్మం ముందు చెప్పులు పోయే ఉంటాయి... వాటితోపాటు ఇంకేం పోయిందో చెప్పండి.