కొంగుచాటు ముద్దు

ఎంఎంటీఎస్ రైల్లో, ఆడవాళ్ళ పెట్టెలో, నా ఎదురుగా కూర్చున్నామె తన కూతురి చెంప మీద చీరకొంగు కప్పి, దాని పైనుంచి ముద్దుపెట్టుకుంది.

“కరోనా ఎప్పుడో పోయింది కదమ్మా,” అన్నాను నవ్వుతూ.

“నాది పోయేది కాదక్కా. హెచ్‌ఐవి,” అంది నా చెవి దగ్గరికి వంగి. “మనం మల్ల కలిసేది లేదు గదా, అందుకే నీకు చెప్తున్న. ముద్దుపెడితే అంటుకోదని దవాఖానల మేడం ఎన్నిసార్లు చెప్పిందో. ‘నా కొడుకును తిన్నవ్, ఇగ పిల్లను గూడ తింటవా’ అని మా అత్త ఒక్కసారే అన్నది. పిల్ల దగ్గరికి పోంగనే గదే మాట ఇనబడ్తది.”

హైటెక్ సిటీలో దిగబోతూ పాపను ఒక ముద్దు ఇమ్మన్నాను. పాప ముందుగా తల్లి కొంగు పట్టుకుని నా చెంప మీదికి లాగింది. అందలేదు. తల్లి వద్దనలేదు. కొంగు అందేలా నావైపు ఇంకాస్త జరిగింది.