యాసలో చచ్చిపోతే నవ్వుతారట

నర్సీపట్నం వీధుల్లో మైకు కట్టిన ఆటో ఒకటి తిరుగుతుంటుంది. చీరల మీద తగ్గింపు, కంటి పరీక్షల శిబిరం, కొత్తగా తెరిచిన టిఫిన్ సెంటరు, ఏదైనా సరే, అందులోంచి వచ్చే గొంతు నాదే. ఆటోలో నేనుండను. ఒకసారి రికార్డు చేసి ఇచ్చేస్తే రోలుగుంట దాకా అదే అరుచుకుంటూ పోతుంది. మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాలుద్దామంటే నా గొంతే కిటికీలోంచి వచ్చి నన్ను లేపుతుంది, ఖర్మ.

ఈ గొంతు పట్టుకునే అప్పుడప్పుడూ హైదరాబాదు వెళ్ళి డబ్బింగ్ చెప్పొస్తుంటాను. గొప్ప వేషాలేమీ కాదు. గుంపులో కేకలు, తలుపు తీసే నౌకరు, మొదటి తూటాకే పడిపోయే సైనికుడు. అలాంటి నాకు ఒకసారి, అయిదుగురు సూపర్ హీరోలు జట్టు కట్టి లోకాన్ని కాపాడే ఇంగ్లీషు సినిమాలో ఒక పాత్ర దొరికింది. అయిదుగురిలో ఒకణ్ణి నేను!

అక్కడ గొంతులు పంచే పద్ధతి ఒకటుంది. ఎక్కడా రాసి ఉండదు గానీ అందరికీ తెలుసు. నాయకుడికి వార్తలు చదివే తెలుగు. జట్టులో ఉన్న ఒక్క ఆడమనిషికి, ఆవిడ చేతుల్లోంచి నిప్పులు కురిపిస్తున్నా సరే, తియ్యటి గొంతు. సైంటిస్టుకి సగం ఇంగ్లీషు. గాల్లో పల్టీలు కొట్టి జోకులేసే కుర్రాడికి తెలంగాణ యాస. ఇక ఒళ్ళు ఎక్కువా బుర్ర తక్కువా అయినవాడు ఒకడు మిగులుతాడు కదా, వాడికి మా ఉత్తరాంధ్ర యాస. వాడే నా వంతుకొచ్చాడు.

వాడి శక్తి ఏమిటంటే బరువు. కాళ్ళు నేలకి తన్నిపట్టి నిలబడితే రైలింజను గుద్దినా కదలడు. కానీ ఏ పనీ సవ్యంగా చెయ్యడు. నాయకుడు కసురుతాడు, వీడు తల గోక్కుంటాడు, జనం నవ్వుతారు. సినిమా పొడుగునా ఆ ఇద్దరి మధ్య ఉన్న సంబంధం అంతే.

"మీ వైపు మాట దింపెయ్. నోరు తెరిస్తే చాలు, నవ్వు రావాలి" అన్నారు డబ్బింగ్ చెప్పించే సారు. నాకు సిగ్గేసిందా? అబ్బే, ఎగిరి గంతేశాను.

అద్దాల గదిలో ఒక్కణ్ణే నిలబెట్టి చెప్పిస్తారు. తెర మీద అయిదుగురూ ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని తిరుగుతారు గానీ, వాళ్ళకి గొంతులిచ్చిన మేం అయిదుగురం ఇవాళ్టికీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నాయకుడి మాటలు ముందే రికార్డయిపోయాయి. అవి హెడ్‌ఫోనులో వచ్చి నన్ను కసురుతుంటే నేను గాలికి జవాబు చెప్పాలి. మొదటి పూటంతా కుదరలేదు. మైకు ఆటో యాస వస్తోంది తప్ప మనిషి రావడం లేదు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఎందుకో మా నాన్న గుర్తొచ్చాడు.

మా నాన్నది రావికమతం దగ్గర చెరకు సేద్యం. భారీ మనిషి. ఎవరేమడిగినా ముందు "ఏటి?" అని, రెండు ఊపిర్లు తీసుకుని, అప్పుడు నెమ్మదిగా జవాబు చెప్పేవాడు. ఆ నెమ్మదిని, ఆ "ఏటి?"ని ఎత్తుకొచ్చి ఆ బరువు మనిషి నోట్లో పెట్టేశాను. సారు బల్ల మీద చరిచి మరీ నవ్వారు. ఆ రోజు నా అంత మొనగాడు లేడనుకున్నాను.

సినిమా మా ఊరొచ్చింది. అమ్మని మార్నింగ్ షోకి తీసుకెళ్ళాను. అమ్మ నా దగ్గరే ఉంటుంది, నాన్న పోయినప్పటి నుంచీ. బరువు మనిషి నోరు తెరవడం ఆలస్యం, హాలంతా ఈలలు. కొయ్యూరు నుంచి వచ్చిన కుర్రాళ్ళయితే "మనోడ్రా!" అని సీట్లెక్కి గెంతారు. నేను కాలర్ ఎగరేసుకుంటూ అమ్మ వైపు చూశాను. అమ్మ నవ్వడం లేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగింది.

"ఆ లావుపాటోడు మీ నాన్నలాగ మాటాడతన్నాడేటిరా?"

"నానే అలగ పెట్టానమ్మా. బాగుంది కదా?"

నా వైపు తిరిగింది. "అయితే మీ నాన్న మాటాడితే అంత నవ్వొచ్చీదేటి?"

తిట్టినా బాగుండేది. ఆవిడ తిట్టలేదు, నిజంగానే అడిగింది. ఇరవై ఏళ్ళకి పైగా కాపురం చేసిన మనిషిలో తనకి కనిపించనిది లోకానికేదో కనిపించిందేమోనని అనుమానంగా అడిగింది. నాకు తల తీసేసినట్టయింది. "ఆడంటే ఇష్టమమ్మా ఆ గుంటలకి, అందుకే నవ్వుతన్నారు" అని ఏదో కలిపి చెప్పాను. ఆవిడ నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

అప్పటి నుంచీ నాకు ఒకటే ధ్యాస. పోయిన మనిషి మాట తీసుకెళ్ళి బఫూనుకి అప్పగించిన కొడుకుని నేను. దీన్ని ఎలాగైనా సరిచెయ్యాలి. కానీ ఎలా? మైకు ఆటోలో అరిచి చెప్పే విషయమా ఇది?

సినిమా బాగా ఆడింది కాబట్టి రెండో భాగం తీశారు. నాకు మళ్ళీ కబురొచ్చింది. వెళ్ళి చూస్తే ఈ భాగంలో బరువు మనిషి చనిపోతాడు. శత్రువుల ఓడ ఒకటి నీళ్ళలోంచి ఊరి మీదికి లేస్తుంటే దాన్ని వాటేసుకుని, తన బరువంతా పెంచుకుని, ఓడతో సహా సముద్రంలోకి దిగిపోతాడు. నాయకుడు పైనుంచి చెయ్యి చాపి రమ్మంటాడు. వీడు రాడు. రెండు ముక్కలు మాట్లాడి మునిగిపోతాడు. మొదటి భాగమంతా వాణ్ణి కసిరిన నాయకుడు అప్పుడు పిల్లాడిలా ఏడుస్తాడు.

సారు కాగితం నా చేతికిచ్చి, "ఈ ఒక్క డైలాగు మాత్రం మామూలు తెలుగులో చెప్పెయ్" అన్నారు.

"అదేంటి సార్? సినిమా అంతా మా యాసలో మాట్లాడినవాడు చచ్చేటప్పుడు మారతాడా?"

"యాసలో చచ్చిపోతే జనం నవ్వుతారయ్యా. సీను పోతుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మా ఊళ్ళో మనుషులు చచ్చిపోవడం లేదా సార్? వాళ్ళ పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వుతున్నారా?" అనేశాను. సౌండ్ ఇంజనీరు తలొంచుకున్నాడు. నోరు జారానే, ఇక ఈ స్టూడియో గుమ్మం తొక్కనివ్వరు అనుకున్నాను. కానీ సారు కోప్పడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నవ్వడం వాళ్ళకి అలవాటు చేసింది మనమే. ఇప్పుడు ఉన్నట్టుండి ఏడవమంటే ఏడుస్తారా?" అన్నారు. అందులో అబద్ధమేముంది? ఆ అలవాటు చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. "రెండు రకాలుగానూ చెప్పు. ఏది ఉంచాలో పైవాళ్ళు చూసుకుంటారు" అన్నారు చివరికి.

కాగితం మీద ఉన్నది ఉన్నట్టు ఒకసారి చెప్పాను: "మీరు వెళ్ళిపోండి. నా గురించి ఆలోచించకండి." శుభ్రంగా వచ్చింది. రెండోసారి కాగితం పక్కన పెట్టేశాను.

నాన్న విశాఖపట్నంలో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, మూడు రోజులుగా కుర్చీలోనే కూర్చున్న అమ్మనీ నన్నూ చూసి, ఇంటికెళ్ళి స్నానాలు చేసి రమ్మని పట్టుబట్టాడు. "మీరు బేగెల్లండి. నాను ఎనకాల వొస్తాను" అన్నాడు. చెరకు నరికే రోజుల్లో మబ్బు పట్టినప్పుడల్లా మమ్మల్ని పొలం నుంచి త్వరగా పంపించడానికి అనే మాటే అది. మేం వెళ్ళాం. ఆయన రాలేదు.

ఆ మాటే మైకులో చెప్పాను. బరువు మనిషి పెదాల కదలికకి సరిపోయింది కూడా. సారు "ఓకే" అని మాత్రం అన్నారు. ఏది ఉంచారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

రెండో భాగం విడుదలైన వారం అమ్మని మ్యాట్నీకి రమ్మన్నాను. "నానెందుకురా, మల్లీ నవ్వుతారు" అంది. బతిమాలి తీసుకెళ్ళాను. హాలు నిండుగా ఉంది. బరువు మనిషి మొదటి "ఏటి?"కే కప్పు ఎగిరిపోయేలా నవ్వులు. అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఆ ఓడ సీను దగ్గరపడుతోంది. మామూలు తెలుగు ఉంచేసుంటే నా పని అయిపోయినట్టే. యాస ఉంచి వీళ్ళు నవ్వితే, అది ఇంకా ఘోరం. నాన్న రెండోసారి, అమ్మ కళ్ళముందే, నవ్వులపాలవుతాడు. ఎందుకు తీసుకొచ్చానురా దేవుడా అనుకున్నాను.

నాయకుడు చెయ్యి చాపాడు. బరువు మనిషి తల పైకెత్తాడు. రెండు ఊపిర్లు తీసుకున్నాడు.

"మీరు బేగెల్లండి. నాను ఎనకాల వొస్తాను."

ముందు వరసల్లో ఇద్దరు ముగ్గురు అలవాటు కొద్దీ కిసుక్కుమన్నారు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. "ఒరే, ఊరుకోరా" అన్నాడెవడో. ఆ తర్వాత హాల్లో కుర్చీ కిర్రుమనలేదు. ఓడ మునిగింది, నీళ్ళు కలిసిపోయాయి, ఒక్క ఈల కూడా లేదు. పోన్లే, నెగ్గాను అనుకుని అప్పుడు ఊపిరి వదిలాను.

అమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఇంకోసారి ఎయ్యమనరా."

"అలగ ఎయ్యరమ్మా. సినిమా ఎల్లిపోద్ది."

"అయితే నువ్వు సెప్పు."

తెర మీద నాయకుడు మంచి తెలుగులో ఏడుస్తున్నాడు. నేను వంగి, అమ్మ చెవి దగ్గర నోరు పెట్టి, ఊరంతా వినిపించేలా అరిచే గొంతుతో ఆ మాట చెప్పబోయాను. సగమే వచ్చింది. మిగతా సగం గాలే.

అమ్మ కళ్ళు మూసుకుని విన్నది. తల ఊపింది. "సరే, బేగి రండి" అంది. అది నాతో అన్నది కాదు. నలభై ఏళ్ళు దాటినవాణ్ణి, అంతమంది జనంలో, ఆవిడ భుజం మీద మొహం పెట్టుకుని భోరుమన్నాను.