చింతపండుతో తోమిన టోకెన్

రిటైరయ్యాక హామిల్టన్‌లో మధ్యాహ్నాలు మెల్లగా నడుస్తాయి. కిటికీ అవతల మంచు రాలుతుంటే, అరచేతిలో చిన్న రాగిబిళ్ళ పెట్టుకుని కూర్చునేవాణ్ణి. మూడున్నర శతాబ్దాల కిందట ఇంగ్లండులో చిల్లర దొరక్క, పానశాలలు నడిపేవాళ్ళు ఇలాంటి టోకెన్లు సొంతంగా కొట్టించుకునేవారట. పైన ఇంటిపేరులోని మొదటి అక్షరం, దాని కింద భర్తదొకటి, భార్యదొకటి. నా టోకెన్ మీద మాత్రం రెండే కనిపించేవి. మూడోది ఉండాల్సిన చోట నల్లటి మరక. పాపం, దీన్ని కొట్టించినవాడు ఒంటరివాడు అనుకున్నాను.

కళ్ళు మూతలు పడుతుంటే ఆ పానశాల తలుపు తెరుచుకునేది. తడికట్టెల పొగ, గుమ్మం పైన గాలికి కిర్రుమనే హంసబొమ్మ పలక. ఆ ఒంటరి మనిషి నావైపు ఒక గ్లాసు జరిపేవాడు. నాకు హాయిగా ఉండేది.

పాత నాణేలను కడగకూడదు. ఆ నలుపే వాటి వయసు. ఈ సంగతి మా ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదు. తనకెందుకులే అనుకున్నాను.

మొన్న కార్తీక సోమవారం నాడు చూస్తే టోకెన్ టేబుల్ మీద లేదు. సింకు పక్కన, రాగిచెంబుకీ ఉద్ధరిణికీ మధ్య, నిన్ననే కొట్టించినట్టు ధగధగలాడుతోంది. అసలే నాకు ముక్కుమీద కోపం.

“ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను?” ఇల్లెగిరిపోయేలా అరిచాను.

“చిలుం పట్టి ఉందండీ. దేవుడి సామానుతో పాటు చింతపండేసి తోమాను. క్లీన్ చేస్తే మీరు సంతోషిస్తారనుకున్నా.”

“సర్వనాశనం చేశావు!”

ఆమె చేతులు తుడుచుకుని బేస్‌మెంట్‌లోకి వెళ్ళిపోయింది.

ఎంత పాడయిందో చూద్దామని భూతద్దం తీశాను. మరక పోయిన చోట మూడో అక్షరం. ఆయనకు భార్య ఉంది! ఇన్నేళ్ళూ ఆ పానశాలలో కూర్చుని తాగాను గానీ, గ్లాసులు ఎవరు కడుగుతున్నారో ఒక్కసారైనా తల తిప్పి చూడలేదు. చచ్చేంత సిగ్గేసింది.

మెట్లు దిగి వెళ్ళాను. ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. టోకెన్ ఆమె చేతిలో పెట్టి, ఆ మూడు అక్షరాల సంగతి మొదటిసారి చెప్పాను. అరిచినందుకు సారీ కూడా చెప్పాను.

“ఆవిడ పేరేమిటట?”

“తెలీదు. ఆ ఒక్క అక్షరమే మిగిలింది.”

ఆమె దాన్ని వెలుతురుకి తిప్పి చాలాసేపు చూసింది.

“అదైనా వేయించాడు,” అంది.