సిలార్ నిలబడ్డ చోటు

చీమకుర్తిలో సిలార్‌ని ఎరగనివాళ్లు లేరు. ఆరడుగుల ఏడంగుళాల మనిషి. గ్రానైట్ పలకలు కోసే యూనిట్లో క్రేను కొక్కేనికి బెల్టులు తగిలించే పని. బస్సెక్కితే మెడ వంచాలి, పెళ్లి ఫొటోలో వెనక వరసలో ఉండి కూడా మోకాళ్లు వంచాలి. ఇరవై ఏళ్లు దాటేదాకా ఆ ఎత్తు వల్ల అతనికి ఒరిగిందేమీ లేదు, నడుంనొప్పి తప్ప.

ఒకరోజు అతను మెట్టెక్కకుండానే లారీ కేబిన్లో ఉన్న డ్రైవరుకి క్యారేజీ అందిస్తుంటే, అటుగా పోతున్న జయరావు మాస్టారు బండి ఆపేశారు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు, ఊళ్లో బాస్కెట్‌బాల్ క్లబ్బు నడుపుతున్నారు.

“ఒరేయ్ అబ్బాయ్, సాయంత్రం గ్రౌండుకి రా.”

“నాకు ఆట రాదండి.”

“నిలబడటం వచ్చుగా? చాలు.”

సిలార్‌కి అది వేళాకోళంలా వినిపించింది. అయినా వెళ్లాడు. పదేళ్లుగా వెళ్తూనే ఉన్నాడు. పరుగు మందం. బంతి చేతికొస్తే కంగారు. జట్టులో ఒక పొడుగోడు ఉండాలి కాబట్టి తననుంచారనుకునేవాడు.

మొన్న ఫిబ్రవరిలో క్లబ్బుల పోటీల్లో చీమకుర్తి జట్టు సెమీఫైనల్‌కి వచ్చింది. ఎదుట గుంటూరు. మూడు మ్యాచుల్లో రెండు గెలిచినవాళ్లు ఫైనల్‌కి. ఆట గుంటూరులోనే. యార్డుకి మిర్చి దిగే రోజులు కావడంతో గాలి ఇటు తిరిగిందంటే కోర్టులో అందరికీ ఒకటే తుమ్ములు.

మొదటి మ్యాచ్ చీమకుర్తి సునాయాసంగా గెలిచింది. సిలార్ వేసింది మూడే బాస్కెట్లు. అయినా జట్టంతా వచ్చి అతని వీపే చరిచింది. ‘ఇంతకీ నేనేం చేశాను?’ అన్న ప్రశ్న అతన్ని పట్టుకుని వదల్లేదు. గుంటూరు జట్టులో శ్రీకృష్ణ అని మెరుపులా పరిగెత్తే కుర్రాడున్నాడు. అతను పంపు దగ్గర మొహం కడుక్కుంటుంటే సిలార్ వెళ్లి అడిగాడు.

“తమ్ముడూ, ఇవాళ నువ్వు రింగు దగ్గరికే రాలేదేంటి?”

“ఏంటన్నా, గెలిచి ఎగతాళా?”

“కాదు. నిజంగా తెలీకే అడుగుతున్నా.”

శ్రీకృష్ణ అతన్ని ఎగాదిగా చూశాడు. అబద్ధంలా అనిపించలేదు. “రింగు కింద నువ్వున్నావుగా అన్నా! నువ్వు చెయ్యెత్తినా ఎత్తకపోయినా, ఎత్తుతావేమోనని దూరం నుంచే వేశాం. పడలేదు. ఇక మీవాళ్లు వేసేటప్పుడు నీకు ఇద్దర్ని కాపలా పెట్టాం. దాంతో మీలో ఒకడు ఎప్పుడూ ఖాళీగా దొరికాడు.”

పదేళ్లుగా ఆటలో ఉన్నవాడికి ఆ సంగతి ఎదుటి జట్టువాడు చెబితేగాని తెలియలేదు. భార్య నస్రత్‌కి ఫోన్ చేసి చెబితే ఆమె ఫక్కున నవ్వింది. “మీరు వంటింట్లోకొస్తే నేను పొయ్యి దగ్గరికెళ్లడానికి చుట్టూ తిరగట్లా? ఇదీ అంతే.”

మర్నాడు గుంటూరువాళ్లు ఎత్తుగడ మార్చారు. వాళ్ల పొడుగాటి ఆటగాడు బాలస్వామి రింగు దగ్గరికి రాకుండా, మూడు పాయింట్ల గీత బయట నిలబడ్డాడు. అతనికి దూరం నుంచి గురి ఉంది. సిలార్ కదలకపోతే బాలస్వామి వేసేస్తున్నాడు. సిలార్ అతని మీదికి వెళితే ఖాళీ అయిన చోటులోంచి శ్రీకృష్ణ దూరిపోతున్నాడు. చీమకుర్తి చిత్తుగా ఓడింది.

జట్టంతా తలలు దించుకుంది. సిలార్‌కి మాత్రం బాధకంటే ఆశ్చర్యమే ఎక్కువైంది. మాస్టారి పక్కన చతికిలబడ్డాడు.

“సార్, వాళ్లు నన్ను ఓడించలేదు, అక్కణ్ణుంచి జరిపారంతే. బాలస్వామిని మన కలీం చూసుకుంటే? వాడు పొట్టోడైనా వదలడు. దూరం నుంచి వెయ్యలేనివాణ్ని నాకివ్వండి. నేను రింగు వదలను.”

“కలీం నెత్తిమీంచి వేస్తాడ్రా బాలస్వామి.”

“కొన్ని వేస్తాడు సార్. వెయ్యనివ్వండి. మనవంతు వచ్చినప్పుడు బంతి నాకివ్వండి. నన్నాపే ఎత్తున్నది బాలస్వామి ఒక్కడికే. నా బరువు మోసి మోసి అలసిపోతే గురి ఉంటుందా?”

మాస్టారు నేల మీద వేలితో గీతలు గీసి చూసుకున్నారు. తర్వాత “సరే, చూద్దాం” అన్నారు.

మూడో మ్యాచ్ మొదట్లో బాలస్వామి వరసగా వేశాడు. కలీం బిక్కమొహం పెట్టాడు. తన మాట విని జట్టు మునిగిందేమోనని సిలార్‌కి భయమేసింది. అయినా చోటు వదల్లేదు. అవతలి రింగు దగ్గర బంతి అందుకుని బాలస్వామికి వీపు ఆనించి నెట్టుకుంటూనే ఉన్నాడు. సగం ఆట గడిచేసరికి బాలస్వామి రొప్పుతున్నాడు, వేసిన బంతులు రింగు ముందే రాలిపోతున్నాయి. ఆ తర్వాత సిలార్‌ని ఆపబోయి ఫౌల్ మీద ఫౌల్ చేసి బయటికెళ్లాడు.

చివరి క్షణాల్లో చీమకుర్తి ఒక్క పాయింటు ముందుంది. బంతి శ్రీకృష్ణ చేతిలో. దారి ఖాళీగా ఉంది, చివర్న సిలార్ ఉన్నాడు. శ్రీకృష్ణ దూసుకొచ్చాడు, గాల్లోకి లేచాడు, లేచాక మనసు మార్చుకుని పక్కకి విసిరాడు. అక్కడ ఎవరూ లేరు. బంతి గీత దాటిపోయింది. సిలార్ చేతులింకా పూర్తిగా లేవనేలేదు.

ఫైనల్లో చీమకుర్తి ఓడిపోయింది. అక్కడ ఎదుటి జట్టులో ఇద్దరు సిలార్లున్నారు.

ఇప్పుడతను డ్యూటీ దిగి ఇంటికొచ్చాక ఫోన్లో మ్యాచులు పెట్టుకుంటాడు. ఒకసారి నస్రత్ తొంగిచూసింది. అతని వేలు తెర మీద ఓ మూల ఉంది.

“బంతి అటుంటే మీరిటు చూస్తారేంటి?”

“బంతిని అందరూ చూస్తారు. వీడు అడుగు పక్కకేశాడు చూడు, ఎందుకేశాడంటావ్?”

ఆమె పక్కన కూర్చుని, ఆ మనిషినే చూడటం మొదలుపెట్టింది.