పెద్దమ్మ పక్కా ఇల్లు

పెద్దమ్మ పోయిందని ఆమె ఎదురింటి అక్క ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు మధ్యాహ్నం నాలుగు కావస్తోంది. ఆదోనిలో ఒక నగల దుకాణంలో ఏసీలు ఎంత కరెంటు తింటున్నాయో కొలుస్తూ ఉన్నాను. ఇళ్లలో, దుకాణాల్లో వేడీ కరెంటూ కొలిచి, ఎక్కడ ఏం మారిస్తే తగ్గుతుందో చెప్పడం నా ఉద్యోగం. "మగ్గం మీదనే వాలిపోయింది పాపా. మొగం మీద నీళ్లు సల్లినాం, లేయలేదు" అంది అక్క. ఒళ్లు వణికేంత చల్లటి గదిలో నిలబడి ఆ మాట విన్నాను. పరికరాల సంచి భుజాన వేసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను.

నేను చేరేసరికి ఊరి బయట సర్కారు ఇళ్ల కాలనీలో, పెద్దమ్మ ఇంట్లో చుట్టాలందరూ ఉన్నారు. "అదృష్టవంతురాలు, మంచాన పడకుండా పోయింది" అన్నారు ఒకరు. "చేసే పని మీదనే ప్రాణం పోవాలంటే రాసిపెట్టి ఉండాల" అన్నారు ఇంకొకరు. డాక్టరు కాగితం మీద గుండె ఆగి పోయిందని రాశారు. గుండె ఆగకుండా ఎవరు చచ్చిపోతారు? అది ఎందుకు ఆగిందో రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు, అడగడానికి మా వాళ్లలో ఒక్కరికీ నోరు రాలేదు. సంచిలోంచి వేడి కొలిచే పరికరం తీసి పైకప్పుకు గురిపెట్టాను. పొద్దు గూకుతున్నా నలభై ఆరు డిగ్రీలు చూపించింది. "శవం కాడ ఇదేం పని" అని ఒక పెద్దాయన నన్ను కసిరాడు. నేనూ ఆయన్ని కసిరాను. ఆ రోజు నా నోటికి అడ్డూ ఆపూ లేదు, ఈ రోజు కూడా పెద్దగా లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. పెళ్లయిన కొన్నేళ్లకే పెదనాన్న పోయాడు, పిల్లలు లేరు. నేను ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎమ్మిగనూరులో ఆమె దగ్గరే ఉండి చదువుకున్నాను. సాలెవాళ్ల వీధిలో అద్దె ఇల్లు, మట్టి మిద్దె. మూర మందం గోడలు, పైన దూలాలు, వాటి మీద బండలు, ఆ పైన చౌడు మట్టి. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని నేసే గుంత మగ్గం ముందు గదిలో ఉండేది. తెల్లవారక ముందే లేచి తలుపులు, కిటికీలు బార్లా తెరిచేది. ఎండ గడప దాటకముందే అన్నీ మూసేది. పడమటి కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టేది. మగ్గంలో దిగే ముందు గుంత చుట్టూ చేత్తో నీళ్లు చిలకరించేది. వీటికి ఎవరూ పేరు పెట్టలేదు, పాఠం చెప్పలేదు. తర్వాత నేను కాలేజీలో మూడేళ్లు కూర్చుని ఇవే సంగతులు ఇంగ్లీషులో నేర్చుకున్నాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పరికరం ఆమెకు చూపించాను. గోడకు గురిపెట్టి నొక్కితే వేడి ఎంతో అంకె పడుతుంది. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది.

"కరోనాలో నొసటికి పెట్టినారే, ఆ తుపాకీనా ఇది?"

"అట్లాంటిదే పెద్దమ్మా. ఇల్లు ఎంత వేడిగా ఉందో చెప్తుంది."

"అది నాకు పోగు సెప్తాది గదా" అంది.

నిజంగానే చెప్పేది. గాలి పొడిబారి వేడెక్కితే పడుగు పోగులు పెళుసెక్కి తెగుతాయి. తెగిన ప్రతి పోగునూ ఆమె ముడివేసి, తెగిన ముక్కను పక్కనున్న సత్తు గిన్నెలో వేసేది. మాపటికి గిన్నె చూసి ఆ రోజు ఇల్లు ఎట్లా ఉందో చెప్పేది. "ఈ పొద్దు మూడే. ఇల్లు బాగుండాది." ఎండాకాలం ముదిరితే "ఈ పొద్దు తొమ్మిది. రేపు గోనెపట్టా ఇంకోసారి తడపాల" అనేది. ఫ్యాను మాత్రం వేసుకునేది కాదు. ఫ్యాను గాలికి పడుగు ఇంకా ఆరిపోతుంది. చెమట కారుతున్నా సరే, పోగుకు ఏది మంచిదో అదే తనకూ మంచిదని ఆమె లెక్క. ఆ లెక్క మట్టి మిద్దెలో ఎన్నడూ తప్పలేదు.

ఒక వానాకాలంలో ఆ మిద్దె వెనక వైపు కూలింది. ఇల్లు అద్దెకిచ్చినాయన బాగు చేయించనన్నాడు. అప్పటికే ఊరి బయట కాలనీలో ఆమెకు ఇల్లు మంజూరై ఉంది. పుట్టినప్పటి నుంచీ అద్దె ఇళ్లలోనే బతికిన మనిషి. తన పేరున ఒక ఇల్లు అనేసరికి ఆమె ముఖం వెలిగిపోవడం నేను చూశాను. ఉగ్గాని, బజ్జీలు చేసి వీధంతా పంచింది. "పక్కా ఇల్లు పాపా. వానకు కారదు, ఎలుక తొవ్వదు" అని నాకు పదిసార్లు చెప్పింది.

ఆ పక్కా ఇల్లు ఎట్లా ఉంటుందో నాకు ముందే తెలుసు. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఆ కాలనీలో ఇళ్లు నివాసానికి బాగున్నాయో లేదో కొలిచే పని మా సంస్థకే వచ్చింది. నన్ను పంపించారు. ఫారంలో ఉన్న ప్రకారం పొద్దున పది గంటలకు, మనుషులు లేని ఇంట్లో, కిటికీలు తెరిచి కొలిచాను. అదీ జనవరిలో. నాలుగంగుళాల సిమెంటు కప్పు, దాని మీద నీడ లేదు, పడమటి గోడ ఒంటి ఇటుక మందం. చూస్తూనే మే నెల ఎట్లా ఉంటుందో నాకు తెలిసింది. కానీ ఫారంలో మే నెలకు గడి లేదు. 'సౌకర్యవంతం' అన్న చోట టిక్కు పెట్టి సంతకం చేశాను. ఆ ఫారం ఇప్పటికీ ఏదో ఆఫీసులో నా సంతకంతో భద్రంగా ఉంటుంది.

మొదటి ఎండాకాలమే పెద్దమ్మ గిన్నె నిండింది. నన్ను పిలిచి గిన్నె ముందు పెట్టింది. ముక్కలు లెక్కపెట్టడం మానేసింది. నేను జనవరిలో చేసిన పని ఆమెతో చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"పొద్దున పదికి ఎవురింట్లోనైనా బాగనే ఉంటాది పాపా. మజ్జానం మూడుకు వచ్చి మగ్గం కాడ కూసో, అప్పుడు రాసుకో" అంది.

మూడుకు వెళ్లి కూర్చున్నాను. గుంతలో కాళ్లకు మాత్రం కొంచెం చల్లగా ఉంది, నడుము పైనంతా పొయ్యి ముందు ఉన్నట్టే. ఇద్దరం కలిసి ఆలోచించాం. కప్పు మీద మట్టి వేస్తే బరువు ఆగదని నేను చెప్పాను. "అయితే నీడ వేద్దాం" అంది. ఆస్పరి దగ్గర మా చుట్టాల చేలో కంది కోతలయ్యాయి. ఆటోలో కంది కట్టె తెప్పించింది. వెదురు గడలు నిలిపి, కప్పుకు రెండడుగుల ఎత్తున పందిరి వేయించింది. గాలికి లేవకుండా నలువైపులా తాళ్లు కట్టించింది. మధ్యాహ్నం మూడు గంటలకు ఆమె ఇంట్లోనూ, ఎదురింటి అక్క ఇంట్లోనూ కొలిచాను. పైకప్పు అడుగున పదకొండు డిగ్రీల తేడా. నా ఉద్యోగంలో నేను చూసిన మంచి పని అదొక్కటే. ఆమె మాత్రం అంకె వైపు చూడకుండా గిన్నె చూపించి "నాలుగే" అంది.

అప్పుడు వచ్చాడు, కాలనీ ఇళ్లు చూసే ఇంజనీరు సారు. ఇల్లు పూర్తయినట్టు ఫోన్‌లో ఫోటో ఎక్కిస్తేనే పట్టా కాగితం వస్తుంది. ఫోన్ ఎత్తి చూసి దించేశాడు.

"ఈ పందిరేందమ్మా? ఫోటోలో గుడిసె మాదిరి వస్తాంది. కచ్చా ఇల్లని కొట్టేస్తారు."

"కింద సిమెంటు కప్పు ఉండాది గదప్పా. నువ్వే ఏయించినావు."

"అది కనపడల్ల. అయినా నిప్పంటుకుంటే ఎవురిది బాధ్యత?"

"పొయ్యి కప్పు మీద ఏం పెట్టుకోలేదులేప్పా" అంది పెద్దమ్మ. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. నేను కొలిచిన అంకెలు కాగితం మీద రాసి ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మేడమ్, మీకు తెలీనిది కాదు. ఇంటికి వేడి ఎంతుండాలని ఫోన్‌లో అడగరు. కప్పు కనపడతాందా లేదా, అంతే" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. నాకు మండిపోయింది కూడా అందుకే.

పందిరి తీయనని పెద్దమ్మ అంది. తీయించింది నేను. "ఒక్క రోజు పెద్దమ్మా. ఫోటో తీసుకుని పోతాడు, మళ్లీ వేసుకుందాం. పట్టా నీ పేరున వచ్చేస్తుంది" అని బతిమాలాను. నా మాట కాదనలేక సరేనంది. నలుగురిని పెట్టి కంది కట్టె అంతా దించి గోడవారగా పేర్చాం. మే నెల అప్పుడే మొదలైంది.

మర్నాడు ఇంజనీరు సారు రాలేదు. మీటింగ్ అన్నాడు. ఆ మర్నాడు సర్వర్ పని చేయట్లేదన్నాడు. తర్వాత రేపు అన్నాడు, మళ్లీ రేపు అన్నాడు. మళ్లీ పందిరి కట్టి దించాలంటే రెండు రోజులు పడుతుంది, ఆలోపల వచ్చి చూసి పోతే మొత్తం మళ్లీ మొదటికి. రోజూ సాయంత్రం ఫోన్ చేసి "ఇంకొక్క రోజు ఓర్చుకో" అన్నాను. ఆదోని రమ్మంటే రాలేదు. మగ్గం మీద పడుగు సగంలో ఉంది, ఇంట్లో మనిషి లేనప్పుడు ఆయన వస్తే ఎట్లా అన్నది ఆమె భయం. ఎనిమిదో రోజు ఫోన్‌లో గొంతు నీరసంగా ఉంది.

"ఎన్ని తెగినాయి పెద్దమ్మా?"

"ఏం లెక్క పెట్టేది పాపా. ముడేస్తాండా, తెగతాంది."

తొమ్మిదో రోజు ఎదురింటి అక్క ఫోన్ చేసింది.

ఆమెను నేను చంపాననో ఇంజనీరు చంపాడనో రాస్తే సులభంగా ఉండేది, ఒకరి మీద కోపం పెట్టుకుని పడుకునేదాన్ని. పొద్దున పదికి కొలిచే ఫారం తయారు చేసినవాడు ఎవడో నాకు తెలియదు. నీడను కచ్చా అని, నిప్పుల కొలిమిని పక్కా అని రాసినవాడు ఎవడో కూడా తెలియదు. వాళ్లు నేను కొలిచే ఏసీ గదుల్లోనే ఎక్కడో కూర్చుని ఉంటారు. మంచివాళ్లే అయి ఉంటారు. వాళ్లలో ఒక్కరినైనా మే నెలలో మధ్యాహ్నం మూడుకు ఆ ఇంట్లో ఒక గంట కూర్చోబెట్టాలని నాకు కసిగా ఉంది.

పెద్దమ్మ నాకు అన్నం పెట్టింది, చదువు చెప్పించింది. తప్పు ఒప్పుకుంటే తిట్టకుండా వినే మనిషి ఎట్లా ఉంటుందో చూపించింది. ఇప్పుడు ఎవరింటికి కొలవడానికి వెళ్లినా ముందు పరికరం తీయను. ఇంట్లో పగలంతా ఎవరుంటారు, ఏ మూల కూర్చుంటారు, ఏ వేళకు ఓర్చుకోలేకపోతారు అని అడుగుతాను. ఆమె నాకు ఇచ్చిపోయిన పని పద్ధతి ఇది.

మూడో రోజు ఇంటి ముందు శామియానా కింద కూర్చున్నాం. వసారాలో పెద్దమ్మ ఫోటో, దాని ముందు దీపం. మధ్యాహ్నం రెండున్నరకు మోటార్ సైకిల్ వచ్చి ఆగింది. ఇంజనీరు సారు. విషయం ఆయనకు ఎవరో దారిలోనే చెప్పినట్టున్నారు. చెప్పులు విడిచి, ఫోటోకు దండం పెట్టాడు.

"ఈ పొద్దుతో లిస్టు మూసేస్తారు మేడమ్. ఫోటో ఎక్కకపోతే ఇల్లు మీ వాళ్లకెవురికీ రాదు. శామియానా ఒక పక్క ఎత్తిపడితే..."

ఎదురింటి అక్క లేచింది. "సచ్చినింటికి వచ్చి నీడ తీయమంటావేమప్పా నువ్వు?" అంది. ఆయన తల వంచుకున్నాడు. శామియానాను ఎవరూ ముట్టుకోలేదు. ఆయనే చుట్టూ చూసి, గోడకు ఆనించి ఉన్న నిచ్చెన వైపు నడిచాడు. కప్పు మీద ఏమీ లేదని పైనుంచే ఒక ఫోటో తీస్తే చాలునట. ఉత్త కాళ్లతో ఎక్కాడు. చెప్పులు వేసుకోమని ఎవరం చెప్పలేదు. నాకు ఆ కప్పు మీద వేడి ఎంతో తెలుసు. నేను కూడా చెప్పలేదు.

పైన అడుగు పెట్టిన వెంటనే అరిచాడు. ధన్ ధన్‌మని గెంతుతున్న చప్పుడు వినిపించింది. అయినా ఫోటో తీశాడు, తీయకుండా దిగలేదు. నిచ్చెన దిగేటప్పుడు మెట్టు మెట్టుకూ పళ్లు బిగించాడు. కిందికి వచ్చి నీడలో నిలబడ్డాడు, నిలబడలేకపోయాడు. చెప్పుల్లో కాలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు. "కొంచెం నీళ్లు" అన్నాడు. చెంబు నా పక్కనే ఉంది. నేను అందివ్వలేదు. ఇవ్వనందుకు ఈ రోజుకీ నాకు బాధ లేదు.

ఆయన ఫోన్ టింగుమంది. అలవాటు కొద్దీ తెర చూసుకుని, అలవాటు కొద్దీ పైకి చదివాడు.

"పక్కా... సరిపోయింది. లబ్ధిదారు వేలిముద్ర..."

అక్కడ ఆగిపోయాడు. ఫోన్ పట్టుకున్న చెయ్యి మా వైపు సగం చాచి ఉంది. దీపం ముందు ఆయన ఒక కాలు దించి ఒక కాలు ఎత్తుతూ, ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అట్లాగే నిలబడి ఉన్నాడు.