కణుపు దాటని గాజులు

దయ్యాలను నేను నమ్మను. మాది దుకాణదారుల ఇల్లు. ఎవరేం చెప్పినా అందులో సగం కొట్టేసి, మిగిలిన సగం మీద బేరం మొదలుపెట్టడం నాకు ఉగ్గుపాలతో వచ్చింది. మొక్కుకున్న కొబ్బరికాయల్లో కూడా దేవుణ్ణి తగ్గింపు అడిగినదాన్ని. అందుకే ఇది రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. చెంప మీద చెయ్యి మాత్రం తియ్యడం లేదు.

బాన్సువాడ బస్టాండుకు దగ్గర్లో మాది గాజుల దుకాణం. నేను తొడుగుతాను, మా అత్త గల్లా దగ్గర కూర్చుంటుంది. పెళ్ళైన నాలుగేళ్ళకు నా కీళ్ళు వాచాయి, బుగ్గల మీద ఎర్రటి మచ్చలు లేచాయి. హైదరాబాద్ దవాఖానలో లూపస్ అన్నారు. ఒంటికి కాపలా ఉండాల్సిన శక్తే ఒంటి మీద పడి కరుస్తుందట. దుకాణానికని కుక్కను పెంచితే అది సేటునే పట్టుకున్నట్టు.

మాత్రలకు కీళ్ళు కొంత లొంగాయి. రెండేళ్ళ తర్వాత, తొంభైల చివర్లో, ఎడమ చెంపలో అసలుది మొదలైంది. చెవి ముందు నుంచి దవడలోకి ఎవరో కాల్చిన దబ్బనం దించి, మెలితిప్పి లాగినట్టు. కొన్ని క్షణాలే. మళ్ళీ. మళ్ళీ. గాలి తగిలినా, ముద్ద నోట్లో పెట్టినా, ఎవరైనా పిలిస్తే పలికినా వచ్చేది. ఒకసారి తలను గోడకేసి బాదుకున్నాను. గోడ సున్నం రాలింది, నొప్పి కదల్లేదు.

నిజామాబాద్‌లో పళ్ళ డాక్టరుతో బేరమాడి, ఒక పన్ను రేటుకే రెండు దవడ పళ్ళు పీకించుకున్నాను. రెండూ మంచి పళ్ళేనని తర్వాత తెలిసింది. హైదరాబాద్ డాక్టరు ఇది పళ్ళది కాదు, ముఖం నరం నొప్పి అన్నాడు. లూపస్ వల్ల కావచ్చు, కాకపోవచ్చు, ఖాయంగా చెప్పలేనన్నాడు. ఇలాగే ఉంటే ఇంకో ఏడాది బతకనని నేను మాత్రం ఖాయం చేసుకున్నాను.

మా వ్యాపారంలో ఒక కట్టుబాటుంది. తొడిగేటప్పుడు గాజు బొటనవేలి కణుపు దాటకముందే చిట్లితే నష్టం దుకాణానిది. దాటి మణికట్టుకు చేరాక చిట్లితే కొన్నవాళ్ళది. దాని మీద రోజూ తగాదాలే.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం డోంగ్లి వైపు నుంచి ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, నాట్లేసిన గట్టి చెయ్యి. ఆకుపచ్చ గాజులు ఆరు అడిగింది. మూడు ఎక్కించాను. మిగతా మూడూ కలిపి తోస్తుండగా నా చెంపలో దబ్బనం దిగింది. నా రెండు చేతులూ ఆమె చేతిని నలిపేశాయి. మూడు గాజులూ కణుపు దగ్గరే చిట్లి మాంసంలోకి దిగాయి. నెత్తురు నా ఒళ్ళో పడింది. ఆమె అరిచింది. నేను వదల్లేకపోయాను. రెండో చేత్తో ఆమె నా ఎడమ చెంప మీద ఒక్కటిచ్చింది.

గాలి తగిలితేనే చచ్చేదాన్ని, ఆ దెబ్బకు ప్రాణం పోవాలి. కింద పడ్డాను. పెదవి తెగి నోరంతా నెత్తురు. నొప్పి లేదు. దీపం ఊదినట్టు పోయింది.

ఆమె చేతికి పసుపద్ది, కట్టు కట్టి పంపాం. ఆ పూట జొన్నరొట్టె కరకరా నమిలి తిన్నాను. మా అత్త కళ్ళార్పకుండా చూసింది.

"గా దెబ్బేదో నేనే ఎప్పుడో కొడితే అయిపోవు గదనే! ఇన్ని దవాఖానలు తిరుగుడు తప్పుతుండె."

పదకొండు నెలలు గడిచాయి. కీళ్ళ వాపులు వచ్చిపోతూనే ఉన్నాయి. చెంప మాత్రం చల్లగా ఉంది. నేను లావెక్కాను.

అప్పుడామె మళ్ళీ వచ్చింది. ముందు గుర్తుపట్టలేదు. మనిషి సగమైపోయింది, మిట్ట ఎండలో చెంపల మీదుగా మఫ్లర్ చుట్టుకుంది. చెయ్యి చాచింది. కణుపు మీద మూడు తెల్లటి గీతలు. ఏదో చెప్పబోయి ఆగి, కళ్ళు బిగించి, స్టూలు అంచు పట్టుకుని వణికింది. అదేమిటో బాన్సువాడలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

"నిన్ను కొట్టిన కాంచి సురువైందక్కా," అంది పెదవులు కదలీ కదలకుండా. "నాలుగు పళ్ళు పీకిండ్రు. తగ్గలే. నీది నువ్వు వాపస్ తీస్కో. నన్ను కొట్టు."

"నాదేంది? పంటి నొప్పి ఎవలకైనా వస్తది," అన్నాను. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

"గాజులు కణుపు దాటలే అక్కా. నష్టం దుకాణానిదే."

మా అత్త గల్లా మీంచి తలెత్తింది. "న్యాయమే గదనే," అంది మెల్లగా.

పదకొండు నెలలుగా తిన్న అన్నమంతా కళ్ళ ముందు తిరిగింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, బేరం మొదలుపెట్టాను.

"ఆరింటిల మూడు దాటినయి. నా నష్టం సగమే. సగమే తీస్కుంట."

"సగమైతే సగం. కొట్టు," అని మఫ్లర్ విప్పింది.

మెల్లగా కొడదామనుకున్నాను. భయానికి చెయ్యి పూర్తిగా పడింది. ఆమె స్టూలు మీంచి దొర్లి గాజుల పెట్టెల మీద పడింది. పెట్టెలన్నీ కూలి గాజులు పగిలాయి. అదే క్షణంలో నా దవడలో దబ్బనం దిగి, నేనూ ఆ పెంకుల మీదే కూలబడ్డాను. తన అరచేతుల్లో పెంకులు గుచ్చుకుని నెత్తురోడుతున్నా, ఆమె మాత్రం నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూసుకుంటోంది. అత్త ఇచ్చిన చాయ్ వేడివేడిగా తాగి వెళ్ళిపోయింది. పేరైనా అడగలేదు నేను.

డాక్టరుతో చెప్పాను. ఇలాంటి నొప్పి పోయి వస్తుంటుంది అన్నాడు. మరి ఆమెకెందుకొచ్చిందంటే, లోకంలో ఎందరికో వస్తుంది అన్నాడు. ఆయన మాటలో సగం నమ్ముతాను.

మిగిలిన సగమే తేలడం లేదు. అప్పటి నుంచి నా నొప్పి రోజు విడిచి రోజు వస్తుంది. మా అత్త నమ్మక, గోడ మీది క్యాలెండర్‌లో నొప్పి వచ్చిన రోజులకు బొగ్గుతో గీతలు పెట్టింది. నెల తిరిగేసరికి ఒకటి విడిచి ఒకటి, వరస తప్పలేదు. మాత్రలు మార్చినా తప్పలేదు. తొమ్మిదేళ్ళుగా ఇంతే.

డోంగ్లి నుంచి ఎవరు గాజులకొచ్చినా ముందు బొటనవేలి కణుపు చూస్తాను. మూడు గీతలు ఇంతవరకూ కనబడలేదు. కనబడితే ఆమె సగం కూడా నేనే తీసుకుంటానా, నా సగంలోనే ఇంకా తగ్గించమని మళ్ళీ బేరం పెడతానా, నాకే తెలియదు.

ఇవాళ నా రోజు. అంటే ఆమె ఎక్కడో రొట్టె నములుతూ ఉండాలి.