వీధి మొదలు పందిరి దాకా

యువరాణికి కాలు ఒకచోట నిలవదు. పుట్టినప్పుడే అరికాళ్ళకు చక్రాలు కట్టి పంపారని వాళ్ళమ్మ పేచ్చియమ్మాళ్ తిట్టని రోజు లేదు. తుడియలూరులో ఒక పంపుసెట్ల వర్క్‌షాపులో మోటార్లకు రాగి తీగ చుట్టే పని ఆ పిల్లది. చేతులు తీగ చుడుతుంటే బల్ల కింద కాలు తాళం వేస్తూనే ఉంటుంది. అయినా చుట్ల లెక్క తప్పదు. ఒక్క చుట్టు అటూ ఇటూ అయితే మోటారు కాలిపోతుంది. ఈమె చుట్టినవి ఇన్నేళ్ళలో ఒక్కటీ తిరిగి రాలేదు కనుక, ఆ కాలి సంగతి సూపర్‌వైజరు చూసీ చూడనట్టు వదిలేశాడు. ఇరవై అయిదేళ్ళు వచ్చాయి. పెళ్ళి మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతుంది.

అలాంటి మనిషికి డీజే అవ్వాలని బుద్ధి పుట్టింది. పుడితే పుట్టింది, దానికి పెట్టుబడి ఏముంది? ప్లస్ టూలో సర్కారు ఊరికే ఇచ్చిన చిన్న లాప్‌టాప్ ఉంది. తెర పదకొండు అంగుళాలు, అంటే అన్నం కంచం అంత కూడా లేదు. తోటి పిల్లలవి ఎప్పుడో అటకెక్కాయి. ఈమె మాత్రం దాన్ని పసిబిడ్డను సాకినట్టు సాకింది. అందులో ఉన్న చెత్తంతా తీసేసి, నెట్ ఆపేసి, పాటలు కలిపే సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఉంచింది. పాటను గీతలుగా గీసి చూపించే సోకు కూడా మాన్పించింది. డీజేలు తిప్పే చక్రాల బల్ల లేదు కనుక కీబోర్డులో ఏడు మీటల మీద గోళ్ళ రంగుతో చుక్కలు పెట్టుకుంది. ఎర్ర చుక్క నొక్కితే కుడి పాట, పచ్చ చుక్క నొక్కితే ఎడమ పాట. దానికి గాలి ఆడే ఫ్యాను లేదు, వేడెక్కితే మొరాయిస్తుంది. అందుకని రెండు స్టీలు గ్లాసులు బోర్లించి వాటి మీద కూర్చోబెట్టేది.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటి ఉంది. కొత్త పాట ఏదైనా ఇంటి దగ్గరే ఒకసారి లోపలికి వేసి ఉంచాలి. సాఫ్ట్‌వేర్ దాన్ని మొదటినుంచి చివరిదాకా చదువుకుని, తాళం ఎక్కడెక్కడ పడుతుందో గుర్తుపెట్టుకుంటుంది. పెద్ద లాప్‌టాపులు ఆ పని ఆడుతూ పాడుతూ చేస్తాయి. ఈ చిన్నదానికి ఒక పాట వినిపిస్తూ ఇంకో పాట చదవమంటే మూర్ఛ వస్తుంది.

చిన్నాన్న సత్యరాజ్‌కు స్పీకర్లూ మైకులూ అద్దెకిచ్చే సౌండ్ సర్వీసు ఉంది. మొదట ఆ పెట్టెను చూసి పడీ పడీ నవ్వాడు. ఒక ఆదివారం స్పీకరుకు తగిలించి విన్నాక పిట్ట కొంచెం కూత ఘనం అని ఒప్పుకున్నాడు. అన్నూరులో నూలు వ్యాపారం చేసే పెద్దింట్లో పిల్ల పెద్దమనిషైన వేడుక ఉంది, వస్తావా అని అడిగాడు. యువరాణి ఆ రాత్రి పడుకోలేదు, ఇంట్లో ఎవరినీ పడుకోనివ్వలేదు.

అడ్డం పడ్డది తండ్రి తంగవేల్. అతను కార్పొరేషన్లో వీధులు ఊడ్చే పని చేస్తాడు. ముప్పయ్యేళ్ళు వచ్చేదాకా తప్పెట కొట్టాడు. ఆ చేతి దెబ్బ విన్నవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక పెళ్ళిలో పొద్దుటినుంచి గేటు బయట ఎండలో నిలబెట్టి కొట్టించుకుని, చివరికి కట్నంగా పంచె ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఇంటాయన దూరంనుంచి మట్టిలోకి విసిరాడు. వంగి తీసుకోమన్నాడు. తంగవేల్ వంగలేదు. ఇంటికి వచ్చి కత్తిపీటతో తప్పెట తోలు కోసేశాడు. తన చేతి దెబ్బ ఇంకెప్పుడూ ఒకరి వాకిట్లో వినపడదని ఒట్టు పెట్టుకున్నాడు. అప్పటికి యువరాణికి రెండేళ్ళు.

మనిషైతే ఒట్టు పెట్టుకున్నాడు గానీ వేళ్ళు పెట్టుకోలేదు పాపం. వాళ్ళ వీధికి ఎనిమిది రోజులకొకసారి మంచినీళ్ళు వదులుతారు. కొళాయి ఎప్పుడు కక్కుతుందా అని పొద్దున్నే కాచుకుని కూర్చున్నప్పుడు, ఖాళీగా ఉన్న నీలం ప్లాస్టిక్ డ్రమ్ము మీద ఆ వేళ్ళు వాటంతట అవే ఆడేవి. పట్టుమని పది నిమిషాలు. నీళ్ళు రాగానే ఆగిపోయేవి. ఒకసారి యువరాణి ఫోను దండెం మీది లుంగీలో దాచిపెట్టి అదంతా రికార్డు చేసుకుంది. వర్క్‌షాపుకు పోయే బస్సులో దాన్నే చెవిలో పెట్టుకునేది. దాని మీదే తాళం లెక్క నేర్చుకుంది. తండ్రికి మాత్రం చెప్పలేదు, చెప్పే ధైర్యం లేదు.

అన్నూరు మాట వినగానే తంగవేల్ ముఖం మాడ్చుకున్నాడు. తోలు మానేసి ప్లాస్టిక్ పెట్టె పట్టుకున్నంత మాత్రాన వాకిలి వేరే వాకిలి అవుతుందా అన్నాడు. రెండు రోజులు కూతురితో మాట్లాడలేదు. మూడో రోజు తనే ఒక షరతు పెట్టాడు. అలాంటి వేడుకలో మేనమామ సీరు తెస్తాడు. తాంబాలాల్లో చీర, పండ్లు, పసుపు పెట్టుకుని చుట్టాలంతా వీధి మొదట్లోంచి నడిచి వస్తారు. వాళ్ళు పందిట్లో అడుగుపెట్టేదాకా వాద్యం ఆగకూడదు. ఆగితే అపశకునమని మేనమామ తాంబాలాలతో వెనక్కి తిరుగుతాడు. వెనకటికి ఒక తప్పెటవాడి చెయ్యి అలిసిపోతే పక్కవాడు అందుకునేవాడు తప్ప, దెబ్బ తెగేది కాదు. తంగవేల్ కొట్టినన్నాళ్ళూ ఒక్కసారి తెగలేదు.

"వీధి మొదలెట్టి పందిరి దాకా ఒక్క తడవ ఆగినా సరి, ఆ పెట్టె మూసిపెట్టి మోటార్లు చుట్టుకోని ఉండాల," అన్నాడు. "సరియా?"

"సరి నాయినా," అంది యువరాణి. అంతలోనే కాలు తాళం మొదలుపెట్టింది.

వేడుక పొద్దున పదిగంటలకు. యువరాణి ఏడింటికే అక్కడ ఉంది. కాలు కాలిన పిల్లిలా పందిరంతా తిరిగింది. తీగలు పదిసార్లు తడిమింది. గేటు పక్కన జనరేటరు దగ్గర బల్ల వేస్తారేమో అని లోపల్లోపల ఉడికిపోతూ ఉంది. ఆ ఇంటి పెద్దావిడ ధనభాగ్యం వచ్చి, మేడ పక్కన, పందిరి లోపల, గుడ్డ పరిచిన బల్ల చూపించింది. పిల్లను కూర్చోబెట్టే వేదికను వాళ్ళు మేడ అంటారు. అంత దగ్గర! యువరాణి గ్లాసులు బోర్లించి లాప్‌టాప్ పెట్టింది. స్పీకర్లకు పోయే మిక్సరులో ఒక వైపు దాన్ని, రెండో వైపు తన ఫోన్ను తగిలించింది. చెయ్యి అలిసినవాడి పక్కన ఇంకొకడు ఉండాలి కదా, ఆ బుద్ధి తండ్రిదే.

వీధి మొదట్లో టపాకాయలు పేలాయి. ఎర్ర చుక్క నొక్కింది. పాట దద్దరిల్లింది. సీరు బయలుదేరింది. ముందు కుర్రకారు ఆడుతున్నారు, వెనక ఆడవాళ్ళు తాంబాలాలు ఎత్తుకుని అడుగులో అడుగు వేస్తున్నారు. పచ్చ చుక్క, రెండో పాట. అతుకు కూడా తెలియలేదు. మూడోది, నాలుగోది. యువరాణికి ఒళ్ళంతా గాలిలో ఉన్నట్టుంది.

అప్పుడు మేనమామ శరవణకుమార్ గుంపులోంచి విడివడి, చెమటలు కక్కుతూ పరుగున ఆమె దగ్గరికి వచ్చాడు. చేతిలో పెన్ డ్రైవ్. "తంగచ్చీ, చెల్లీ, నా పేరూ పాప పేరూ పెట్టి చేయించిన పాట. నేను గడప దాటేటప్పుడు ఇదే రావాల," అని చేతిలో కుక్కి మళ్ళీ గుంపులోకి పరిగెత్తాడు.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటే అదే. సీరు తెచ్చిన రోజున మేనమామ మాట కాదన్నవాళ్ళు లేరు. నలుగుపిండి ఇంకా పల్చగా కావాలంటే పల్చగా కలపాలి, నిలబడమంటే నిలబడాలి. ఆ ఒక్క రోజు ఆయనే రాజు. మరి ఈ పెట్టె కొత్త పాట చూస్తే మూర్ఛపోయే రకం. నెత్తిన ఎండకు కాగిన రేకులు, వేడెక్కి ఉంది. యువరాణికి తెలుసు, బాగా తెలుసు. అయినా పనిచేసే కన్నం ఒక్కటే కనుక మౌసు పీకి అందులో పెన్ డ్రైవ్ గుచ్చింది. కొత్త పాటను లోపలికి లాగింది.

లాప్‌టాప్ బుద్ధిగా చదవడం మొదలుపెట్టింది. తెర మీద గుండ్రం తిరిగింది. మోగుతున్న పాట ముక్కలు ముక్కలుగా తెగి, నత్తి వచ్చినట్టు ఒకే మాట పట్టుకుని కొట్టుకుంది. నొక్కితే ఎర్ర చుక్క పలకలేదు, పచ్చ చుక్క పలకలేదు. సీరు గేటుకు పది అడుగుల దూరంలో ఉంది. ముందు నడిచే ఆడమనిషి తల ఎత్తి స్పీకరు వైపు చూసింది. 

యువరాణి ఫోను తీసింది. తెర మీద పొద్దున బస్సులో విన్నదే ఉంది, నీలం డ్రమ్ము. పాటల పట్టీ తెరిచి ఇంకొకటి వెతకాలంటే నాలుగు తాళాల సేపు పడుతుంది. అంతసేపు లేదు. ఇది ఎవరి దెబ్బో, ఎవరి ఒట్టో ఆమెకు తెలియక కాదు. తెలిసే నొక్కింది. నొక్కి, మిక్సరు మీద ఫోను మీటను పైకి తోసి, లాప్‌టాప్ మీటను కిందికి లాగింది.

నాలుగు స్పీకర్లలోంచీ తంగవేల్ దిగాడు. పాట లేదు, మాట లేదు, ఒట్టి దెబ్బ. ప్లాస్టిక్ డ్రమ్ము కడుపులోంచి వచ్చే ఆ దెబ్బకు కుర్రకారు ఒక్క క్షణం తడబడి, మరుక్షణం చెప్పులు విడిచి చిందెయ్యడం మొదలుపెట్టారు. వెనకనున్న ముసలివాళ్ళు కూడా కదిలారు. గడప ముందు సీరు నిలిచిపోయింది, ఆట వదిలి లోపలికి రావడానికి ఎవరికీ మనసు రాలేదు. ఆ సందులో యువరాణి లాప్‌టాప్ ఆపి మళ్ళీ వెలిగించింది. అది లేవడానికి ఏడెనిమిది నిమిషాలు కావాలి. ఆమె కాలు తండ్రి దెబ్బకు తాళం వేస్తూ ఉంది, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

ఎనిమిదో నిమిషంలో దెబ్బ ఒకచోట జారింది. వెంటనే పందిరంతా పేచ్చియమ్మాళ్ గొంతు ఖంగున మోగింది.

"ఏమయ్యా, నీళ్ళు వచ్చె! డ్రమ్ము విడిసి బిందె ఎత్తుకోని రా!"

ఊరు అరవమే అయినా తెలుగు తెలిసిన ఇల్లది. పందిరి పందిరంతా ఘొల్లుమంది. ఆ నవ్వులోనే పచ్చ చుక్క పలికింది, పాట అందుకుంది, ఆ నవ్వులోనే శరవణకుమార్ తాంబాలం ఎత్తుకుని గడప దాటాడు. తన పేరున్న పాట సంగతే మరిచిపోయాడు. భోజనాల తర్వాత వచ్చి, ఆ డ్రమ్ము మళ్ళీ వెయ్యమని ప్రాణం తీశాడు. యువరాణి వెయ్యలేదు.

ధనభాగ్యం మాత్రం ఆ కొట్టిన చెయ్యి ఎవరిదని అడిగింది. మా నాయినది అంటే, లోపలికి వెళ్ళి ఒక పళ్ళెంలో పంచె, ఆకూ వక్కా పెట్టి తెచ్చి చేతికిచ్చింది.

చిన్నాన్న వ్యానులో తుడియలూరు వచ్చేదాకా అతను పొగుడుతూనే ఉన్నాడు. యువరాణికి ఒక్క మాట చెవికెక్కలేదు. వాద్యం ఆగలేదు, తన మాట నిలిచింది. దాన్ని నిలబెట్టడానికి తండ్రి మాట తీసి వీధిలో పెట్టింది. ఇరవై మూడేళ్ళు కాపాడుకున్న ఒట్టు. చెప్పకుండా ఉండిపోతే? చిన్నాన్న నోరు ఊరుకుంటుందా? ఊరుకున్నా తను ఊరుకోగలదా? అలా ఒళ్ళో పంచె నలిపి నలిపి మడత చెడగొట్టింది.

తంగవేల్ డ్యూటీ ముగించుకుని వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ఆగిందా అని అడిగాడు.

"పెట్టె ఆగె. దెబ్బ ఆగలేదు," అంది యువరాణి. నిలబడే జరిగినదంతా చెప్పింది, లుంగీలో దాచిన ఫోనుతో సహా. జీవితంలో మొదటిసారి ఆమె కాళ్ళు రెండూ కదలకుండా ఉన్నాయి. తన గొంతు ఊరంతా వినిపించిందని తెలిసి పేచ్చియమ్మాళ్ కొంగు నోట్లో కుక్కుకుంది. తంగవేల్ తల ఎత్తి అడిగాడు.

"నువ్వు యాడ నిలిస్తివి?"

"లోపల. మేడ పక్కన."

"నా దెబ్బ?"

"లోపల రెండు స్పీకర్లు, బయట రెండు. అన్నిట్లోనూ." సంచిలోంచి పంచె తీసింది. "ఇది ఆ అవ్వ నీకిమ్మనె. నా చేతికిచ్చె నాయినా, చేతికి."

తంగవేల్ రెండు చేతులూ లుంగీకి తుడుచుకుని పంచె అందుకున్నాడు. నలిగిన మడతలు ఒక్కొక్కటే సరిచేసి, ఒళ్ళో పెట్టుకుని, కూతురి వైపు కోపంగా చూశాడు.

"ఆ నీళ్ళు వచ్చిన కాడ తాళం జారె. పోయి పోయి దాన్నా నలుగురికీ వినిపిస్తివి?"

లేచి వెళ్ళి నీలం డ్రమ్ము మూత తీశాడు. నిన్ననే పట్టిన నీళ్ళు, అంచుల దాకా ఉన్నాయి, ఇంకా వారం రోజులు రావాలి. చెంబుతో తోడి ఇంట్లో ఉన్న ప్రతి గిన్నెలో, ప్రతి బిందెలో, చివరికి ఇడ్లీ పాత్రలో కూడా పోయడం మొదలుపెట్టాడు. నిండుగా ఉంటే అది పలకదు. పేచ్చియమ్మాళ్ లబలబలాడింది. యువరాణి ఫోను చేతిలో పట్టుకుని నిలబడింది.

అడుగు నీళ్ళు వంచేసి, డ్రమ్మును బోర్లించి, తంగవేల్ దాని ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పేచ్చీ, కొంచేపు నోరెత్తకు," అన్నాడు.